కొండ కాదు, కుండ

మొన్న మంగళవారం కేతేపల్లి నుంచి ఫోనొచ్చింది. మా మేనత్త పోయిందట. తొంభై దాటిన మనిషి. పొద్దుగాల జొన్నరొట్టె తిని, అరుగు మీద ఎండకు కూసుండి, అట్లనే ఒరిగిందట. ఫోన్ పెట్టేసి ఏడుద్దామనుకున్న. కానీ ఆమె యాదికొస్తే నాకు ఏడుపు రాదు. పానం హుషారైతది. మా అత్త ఉన్నకాడ అట్లనే ఉండేది మరి.

ఆమెకు అచ్చరం ముక్క రాదు. కానీ ఎవరి పేరు విన్నా దాని పుట్టుక తవ్వాల్సిందే. గడ్డమోల్ల ముత్తాత మొక్కుకు గడ్డం పెంచి, మొక్కు తీరినంక కూడ తియ్యలేదని చెప్పేది. ఎల్లమ్మంటే ఊరి ఎల్ల కాసే తల్లి అని చెప్పేది. చెప్పుకుంట చెప్పుకుంట పెనం మీద రొట్టె మరిచేది. మాడిన వాసనొచ్చినా లేచేది కాదు. "పేరు ఊరికే అతుక్కోదు బిడ్డా. ఎవరో ఒకరు, ఎందుకో ఒకందుకు పిలిచే ఉంటరు" అనేది.

నా పేరు పెంటమ్మ. చిన్నప్పుడు కలుపుకు పోతే తోటి పిల్లలు ముక్కు మూసుకొని నవ్వెటోల్లు. ఒకనాడు ఏడ్సుకుంట పోయి అత్త ఒళ్ల పడ్డ.

"నీకు ముందు ముగ్గురు పుట్టి పోయిండ్రు" అన్నది అత్త. "నువ్వు పుట్టంగనే మీ అమ్మ నిన్ను చేటల పండవెట్టి పెంటకుప్ప మీద పెట్టొచ్చింది. ఇది మాకక్కర లేదు, పారేసినం అని చావుకు చెప్పినట్టు. నేను ఉరికి పోయి, నాకు దొరికిందని ఎత్తుకొచ్చిన. గా పేరు తిట్టనుకున్నవా? నువ్వు బతకాలని మేం ఆడిన నాటకం!"

మర్నాడు చేన్ల ఎవరన్నా నవ్వుతరేమోనని నేనే ఎదురుచూసిన. నా కథ చెప్పాలని అంత ఉబలాటం.

నా లగ్గం నైజాం జమానాల అయింది. సర్కారు కాగితాలన్నీ ఉర్దూలనే ఉండేటివి. కల్వకుర్తి దిక్కు సంబంధం. మా ఇంటిపేరు కుండ, వాళ్లది కొండ. లగ్గం మూడు రోజులుందనంగ పెండ్లికొడుకు చిన్నాయన, తాత, ఇంకో ఇద్దరు వచ్చిండ్రు. చిన్నాయనకు ఉర్దూ చదువు వచ్చు. మా బాపు అప్పటికే పోయిండు, ఇంట్ల చదువొచ్చినోల్లు లేరు. మా అమ్మ భూమి కాగితం తెచ్చి, "జర చదివి పెట్టన్నా" అని ఆయన చేతికిచ్చింది.

ఆయన చదివి, చదివి, ముఖం మాడ్చిండు.

"ఇండ్ల కొండ అనే ఉందమ్మా. మీదీ మాదీ ఒక్కటే ఇంటిపేరు. అన్నకూ చెల్లెకూ లగ్గం చేస్తమా?"

"మాది కుండ అన్నా!" అని అమ్మ మొత్తుకున్నది.

"సర్కారు కాగితం అబద్ధమాడుతదా? పేరు దాచి పిల్లనిస్తున్నరు!"

పందిరి కింద తాత తప్ప అందరు లేచి నిలబడ్డరు. తలుపు ఎనక నుంచి నేను తొంగి చూస్తున్న. ఆ పిల్లగాణ్ని నేను ఒక్కసారే చూసిన, కానీ చూసినప్పటి సంది నా మనసు నా తాన లేదు. ఇంతల లొల్లి విని పక్కింట్ల నుంచి మా అత్త పిండి చేతులతోనే ఉరికొచ్చింది.

"ఆగు బావా! లోగడ గూడ ఒకరు మా కుండను కొండ అని చదివిండ్రు. నువ్వు చదువుకున్నోనివి కదా. నీ ఉర్దూల కొండ అని గీ మట్టిల రాయి."

ఆయన పుల్లతోటి రాసిండు.

"ఇప్పుడు దాని పక్కన కుండ అని రాయి."

ఆయన రాసిండు. రాసినంక పుల్ల ఆగింది. రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి. ఆ లిపిల 'కొ'కూ 'కు'కూ రాత తేడా లేదట. చదివెటోడు ఏదనుకుంటే అది.

"చూసినవా! కాగితం అబద్ధమాడలే. దానికి నోరు లేదంతే!" అత్త గొంతు గల్లీ అంత వినపడ్డది. "మా తాత బందరు బాట పక్కన ఏడు కుండలు పెట్టి, బండ్లు తోలెటోల్లకు నీళ్లు పోసెటోడు. గందుకే మేం కుండోల్లం."

అప్పుడు ఆ ముసలాయన, పెండ్లికొడుకు తాత, కట్టె ఊతంతోటి లేచిండు. ఆయన వయసుల ఉన్నప్పుడు బందరు నుంచి ఉప్పు బండ్లు తోలినోడు.

"ఏడు కుండలా? పెద్ద రాయి కాడ? ఎర్ర తలపాగ కట్టుకునేటోడా?"

"ఆయనే మామా, మా తాతనే!"

"వారీ, ఆయన నీళ్లు నేను తాగిన!" అని ముసలాయన కొడుకు దిక్కు తిరిగిండు. "ఎద్దులకు గూడ పోసిండు. లగ్గం కానియ్యి!"

చిన్నాయన సిగ్గుపడి మట్టిల రాతను చేత్తోటి చెరిపిండు. అత్త పిండి చేతులతోనే నన్ను బయటకు గుంజి గట్టిగ కావలించుకున్నది. నేను కుండ ఇంట్ల నుంచి కొండ ఇంటికి పోయిన. ఆ చిన్నాయనే నాకు తెలుగు అచ్చరాలు నేర్పిండు. ఇప్పుడు గీ ముక్కలు రాస్తున్ననంటే, ఆనాడు అత్త అడ్డం నిలబడబట్టే.

ఏడాదికి అత్త మమ్ముల చూడొచ్చింది. చూడొచ్చింది నన్ను కాదు, మా అత్తగారోల్లకు కొండ అనే పేరు ఎట్లొచ్చిందో తెలుసుకుందామని. ఇంట్ల ఒక్కరికీ తెల్వది. మూడు రోజులు ఊరంత తిరిగింది. మూడోనాడు రొప్పుకుంట ఇంట్లకొచ్చింది. "దొరికింది బిడ్డా! మీ ముత్తాత గుట్ట మీద కావలుండి, దొంగలొస్తె కేకేసెటోడట. ఊరిని కాసిన మనిషి పేరు మీది!" మా ఆయన నోరు తెరుచుకొని విన్నడు. ఆనాటి సంది గల్లీల ఛాతి విరుచుకొని నడిచిండు.

తిరిగి పోయేటప్పుడు అత్తను కల్వకుర్తిల బస్సెక్కించినం. ఎక్కీ ఎక్కంగనే కండక్టరు పేరడిగింది. ఆయన ఇంటిపేరు తూముల.

"తూమంటే చెరువు తూము! మీ పెద్దలు పొలాలకు నీళ్లిడిసెటోల్లేమో, ఇంటికి పోయి అడుగు!"

కండక్టరు సీటీ ఊదుడు మరిచి ఆమె ముందల నిలబడ్డడు. డ్రైవరు అరిచిండు. బస్సు కదిలింది. ఎనక సీట్ల ఆడోల్లు తమ పేర్లు గూడ చెప్పమని ముందుకొస్తున్నరు. దుమ్ముల బస్సు మాయమయ్యేదాక కిటికీల నుంచి మా అత్త చెయ్యి బయటికే ఉంది. తూము ఎట్ల ఎత్తుతరో, నీళ్లు ఎట్ల దుంకుతయో చూపెడుతనే ఉంది.