నూనె రాసిన మేకు

మేము కొండ మీది సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. మోకాలి లోతు మంచు. ఉత్తరం నుంచి గాలి. రాతి గోడల బంకరు, రేకు కప్పు, మధ్యలో బుఖారీ. అంటే పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యి. కిరసనాయిలు అడుగంటింది. దారి తెరుచుకుంటే తప్ప సరుకు పైకి రాదు. పోస్టు పెద్ద సుబేదార్ సాహెబ్ నాకిచ్చిన మొదటి ఆజ్ఞ ఇది: "కట్టెల పని నీది."

నేను పంజాగుట్టలో పెరిగాను. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి. కట్టె చీల్చడం అప్పటిదాకా నాకు తెలియదు.

నాకు అప్పగించిన సామాను: ఒక రంపం, ఒక సమ్మెట, సన్నదొకటి మందపాటిదొకటి రెండు ఇనుప మేకులు, ఒక కర్ర మేకు. మేకు అంటే గోడకు కొట్టేది కాదు. అరచేయంత ఉంటుంది. ఒక అంచు పదును, రెండో అంచు మందం. రంపంతో కోసిన దుంగ ముఖం మీద ముందు పగులు వెతకాలి. ముడి ఉన్న వైపు వదిలేయాలి. సన్న మేకును పగులులో నిలబెట్టి సమ్మెటతో కొట్టాలి. నోరు తెరుచుకున్నాక మందపాటిది దించాలి. సన్నది ఇరుక్కుంటే విడిపించడానికి కర్ర మేకు. కిందికి దిగిపోతున్న పాత జట్టు వంటవాడు ఇంతే చెప్పి వెళ్లాడు.

నాకు తోడు రేడియో ఆపరేటర్. యూసుఫ్‌గూడ వాడు. అతని తమ్ముడు అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నాడు.

"వాడు ఏసీల కూసొని కీబోర్డు కొడ్తుండు. నేను గీడ మొద్దులు కొడ్తున్న. ఒక్క తల్లి కడుపుల పుట్టినం అన్నా మేము!" అనేవాడు.

తర్వాతి వారం మంచు తుఫాను పట్టుకుంది. సుబేదార్ సాహెబ్‌కు జ్వరం, దగ్గు. రేడియోలో డాక్టరు చెప్పాడు: ఆకాశం తేటపడేదాకా కిందికి దించలేం, బంకరు చల్లబడనివ్వకండి, వేడినీళ్లు తాగించండి. చీల్చిన కట్టెలు సాయంత్రం వరకే వస్తాయి. బయట కూలిన దేవదారు దుంగ ఒకటి ఉంది, గడ్డకట్టి.

ఆ ఉదయం సన్న మేకుకు నూనె రాశాను. సైనికుడికి ఇనుము కనబడితే నూనె రాయడం అలవాటు. కానీ అది ఒక్కటే కారణం కాదు. మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా నుదుటికి నూనె రాసి ప్రార్థించేవాడు. నేను మేకును చేతిలో పట్టుకుని, సాహెబ్ పేరు చెప్పి, మోకరించి ప్రార్థించాను. లేచినప్పుడు దుంగ చీలుతుందనడంలో నాకు అనుమానం లేదు.

మొదటి దెబ్బకు మేకు పైకి ఎగిరింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఎగిరింది. మూడోసారి ఆపరేటర్ చెవి పక్క నుంచి దూసుకుపోయింది.

"ఏ అన్నా! సాహెబ్ కంటె ముందు నన్ను పంపుతవా ఏంది?"

బంకరు మెట్ల మీద కాలు జారకుండా పొయ్యి బూడిద చల్లేవాళ్లం. మేకు పోయి ఆ బూడిదలో పడింది. తీసి చూస్తే నిండా బూడిద. లోపల సాహెబ్ దగ్గు ఆగడం లేదు. నేను జేబులోంచి గుడ్డ తీశాను, తుడిచి మళ్లీ నూనె రాద్దామని.

"మస్తు ముస్తాబు చేస్తున్నవ్. పెండ్లికి తోల్కపోతవా దాన్ని? గట్లనే పెట్టు జర!"

అలాగే పెట్టాను. కొట్టాను. నిలబడింది. ఇంకో దెబ్బ. కొత్త గుడ్డ చింపినట్టు చప్పుడైంది. పగులు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది. చీకటి పడేలోపు దుంగంతా చీల్చాం.

తుఫాను తగ్గాక సాహెబ్‌ను స్ట్రెచర్ మీద దించారు. ప్రాణంతోనే.

"ఏంటి భాయ్, మేకు అప్పుడెందుకు నిలబడిందంటావు?" అని ఆపరేటర్‌ను అడిగాను.

"నూనెకు జారింది. బూడిదకు పట్టింది. గంతే."

"నేను ప్రార్థన చేసింది నూనె మీద కదా."

"అయితే బూడిదల పడేసింది సుత మీ దేవుడే అనుకో. ఫికర్ ఎందుకు? చాయ్ పెట్టు."

అలా అనుకుందామనే చూశాను. మరి ప్రార్థన చేసిన నూనెను దేవుడు ఎందుకు తోసేశాడు? సంఘంలో నూనె ఆశీర్వాదం. బూడిద దుఃఖానికి గుర్తు. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది అదే. ఆ పోస్టులో మిగిలిన చలికాలమంతా మేకులకు బూడిదే పూశాను. పూసిన ప్రతిసారీ తప్పు చేస్తున్నట్టు ఉండేది. మేకు మాత్రం ఎగరలేదు.

సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చాను. మా సంఘం అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ సెంటర్ పై అంతస్తులోకి మారింది. ఆదివారం కూడా కింద క్లాసులు, పైన పాటలు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలు రెజ్యూమేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. పాస్టరు గారు ఒక్కొక్కరి నుదుటికి నూనె రాస్తున్నారు. నన్ను చూసి ఆగారు.

"సైన్యంలో దేవుడు మీకు చేసిన మేలు చెప్పండి, బ్రదర్ గారు."

లేచాను. నూనె సీసా ఆయన చేతిలో ఉంది. పిల్లలందరూ నా వైపు తిరిగారు.

"మా సాహెబ్ చావు దాకా వెళ్లి బతికాడు. దేవునికి స్తోత్రం," అన్నాను. వరుస చివరికి వెళ్లి నిలబడ్డాను. నా వంతు వచ్చింది. నుదుటి మీద నూనె చల్లగా తగిలింది. కళ్లు మూసుకున్నాను.

తెల్లటి దేవదారు కట్టెలో, నిండా బూడిదతో, ఆ మేకు కదలకుండా నిలబడి ఉంది.