కుడివైపు జేబున్న చొక్కా

2001 వేసవిలో నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక ఫైట్ల సినిమాకి స్టిల్ ఫోటోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను. షాటు ఓకే కాగానే నటుల్ని అలాగే నిలబెట్టి ఫోటోలు తీయడం, చీకటిగదిలో ప్రింట్లు వేసి పబ్లిసిటీ డిజైనర్‌కి ఇవ్వడం నా పని. అవతల మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల అద్దాల భవనాలు లేస్తున్నా మా చీకటిగదికి ఇంకా పని ఉండేది. నేను చదివింది పదో తరగతే. షూటింగ్ లేని రోజుల్లో లైబ్రరీలో చేతికందిందల్లా చదివేవాణ్ణి. ఆ ఏడు న్యాయశాస్త్రం బీరువా దాకా వచ్చాను.

ఒక ఉదయం యాదమ్మ వచ్చింది. ఆమె భర్త మల్లేశ్ రహమత్ నగర్ మనిషి, మా ఫైటర్. అంటే హీరో చేతిలో దెబ్బలు తినే గుంపులో ఒకడు. షేక్‌పేటలో నగల వ్యాపారినీ ఆయన భార్యనీ చంపాడని రెండేళ్ళ కిందట పోలీసులు పట్టుకెళ్ళారు. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది.

"సారూ, వకీలమ్మ గీ ఫోటో మంచిగ కనబడేది కావాలన్నది. జిరాక్సుల మొత్తం నల్లగొచ్చింది. నువ్వే తీసినవట గద" అంటూ తీర్పు కాపీ, దానికి జతచేసిన మల్లేశ్ ఫోటో జిరాక్సు నా చేతిలో పెట్టింది.

సెషన్స్ కోర్టు వేసిన ఉరి వెంటనే అమలు కాదు. హైకోర్టులో ఇద్దరు జడ్జీలు రికార్డంతా మళ్ళీ చూసి ఖాయం చేయాలి. ఇది నేను చదివిందే కనుక కాస్త గర్వంగానే చెప్పాను. "ఖాయం జేస్తే?" అని అడిగింది. విచారణ ఎప్పుడని అడిగాను. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

తీర్పు ఆసాంతం చదివాను. మల్లేశ్ అంతకుముందు ఆ వీధిలో అద్దెకుండేవాడు గనక అనుమానం అతని మీదికి పోయింది. మిగిలిన కేసంతా ఆ వ్యాపారి ఎదురింటాయన సాక్ష్యమే. దుండగుడికి ఎడమ చెంప మీద గాటు, కుడిచేతికి గడియారం, చొక్కాకి కుడివైపు జేబు, దాని మీద పులి బొమ్మ ఉన్నాయని ఆయన చెప్పాడు. గుర్తింపు పరేడ్‌లో పదిమంది వరసలోంచి మల్లేశ్‌నే చూపించాడు. మల్లేశ్ గాటు నిజానికి కుడి చెంపది. ఎదురుగా నిలబడి చూసినవాడు కుడిఎడమలు తారుమారు చేయడం సహజమని జడ్జి రాశారు. చొక్కా దొరకలేదు. కాల్చేసి ఉంటాడన్నారు పోలీసులు. అలాంటి చొక్కా అతనికి ఉండేదని చెప్పడానికి అతని ఇంటి గోడ మీది ఫోటో దాఖలు చేశారు.

మగవాళ్ళ చొక్కాకి కుడివైపు జేబు ఏ టైలర్ కుడతాడు? ఆ జేబు వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఆ ఫోటోని తిరగేసింది నేనే!

పోస్టర్‌లో హీరో ఒక పక్క ఉంటే మిగతావాళ్ళు అతని వైపు చూడాలి. ఫైటర్ బయటికి చూస్తుంటే డిజైనర్ "తిప్పెయ్ గురూ" అంటాడు. నెగెటివ్‌ని, బొమ్మ పెద్దది చేసే ఎన్‌లార్జర్‌లో వెనక్కి తిప్పి పెట్టి ప్రింట్ వేస్తాం. కుడి ఎడమవుతుంది. ప్రేక్షకుడికి తెలియదు, కాబట్టి తిప్పామని ప్రింటు వెనక ఎవరం రాయం. మల్లేశ్ అడిగితే అలాంటి ప్రింటే ఒకటి ఇచ్చాను. సాక్షి చెప్పిన గాటు, గడియారం, జేబు అన్నీ ఆ ప్రింటులో ఉన్నట్టే ఉన్నాయి. ఆయన వర్ణించింది హంతకుణ్ణి కాదు, నా ఫోటోని!

పాత పెట్టెలన్నీ కిందికి దించి నెగెటివ్ పట్టుకున్నాను. కాస్ట్యూమర్ దగ్గరికి పరుగెత్తాను. అది సినిమా కంపెనీ చొక్కా, ట్రంకులోనే ఉంది. పులి ఎడమ జేబు మీద ఉంది. అక్కణ్ణించి శ్రీనగర్ కాలనీలో మల్లేశ్ వకీలు సుభద్రగారి ఆఫీసుకి ఎలా వెళ్ళానో గుర్తులేదు.

ఆవిడ మూడుసార్లు చెప్పించుకున్నారు. "తిప్పింది మీరేనని కోర్టులో చెబుతారా?" అన్నారు.

"చెబుతానండీ. ఖాయం చేసేముందు హైకోర్టు కొత్త సాక్ష్యం తీసుకోవచ్చు కదండీ" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి చూశారు. "లా ఎక్కడ చదివారు?"

"లైబ్రరీలోనండీ."

"అయితే నాకు పోటీ వస్తారన్నమాట. కూర్చోండి, అఫిడవిట్ రాద్దాం."

కోర్టులో నెగెటివ్‌ని వెలుతురుకి పెట్టి చూపించాను. ఫిల్మ్ అంచున కంపెనీ అచ్చువేసిన అంకెలుంటాయి. అవి సరిగా చదవగలిగితే బొమ్మ సరైన వైపున్నట్టు. పెద్ద జడ్జిగారు తానే పట్టుకుని అంకెలు పైకి చదివారు. తర్వాత ఫిల్మ్ తిరగేశారు, మళ్ళీ సరిచేశారు. సాక్షిని మళ్ళీ పిలిపించారు. పరేడ్‌కి ముందు పోలీసులు ఆ ఫోటో నాలుగైదుసార్లు చూపించారని ఆయన దాచకుండా చెప్పాడు. "కళ్ళు మూసుకుంటే ఆ మొహమే కనబడేది" అన్నాడు.

మల్లేశ్‌ని విడుదల చేశారు. రెండోవారం ఫిల్మ్‌నగర్‌కొచ్చి, "ఇగ నా ఫోటో దియ్యకు సారూ, తీస్తే తిప్పకు" అని నవ్వాడు. అసలు హంతకుడు ఎవరో ఈనాటికీ తెలియదు.

ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా నేను తిప్పిన ప్రతి ప్రింటు వెనకా ఆ సంగతి రాసి సంతకం పెట్టాను. సాక్షి తను నమ్మిందే చెప్పాడు. జడ్జి తన ముందున్న కాగితాలు చదివే రాశారు. నేను రోజూ చేసే పనే చేశాను. మా ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడకుండానే ఒక మనిషి ఉరికంబం దాకా వెళ్ళగలడు. ఉరి అమలయ్యాక దొరికి ఉంటే నా నెగెటివ్ ఎవరికీ అక్కరకొచ్చేది కాదు. అందుకే, తర్వాత సరిదిద్దడానికి వీల్లేని శిక్ష ఏ కోర్టు చేతిలోనూ ఉండకూడదని నా అభిప్రాయం.