పొయ్యి మీద బంగళా పెంకులు

రేపల్లెలో మా ఇంటి దగ్గరి పార్కులో పాత బంగళాకు మరమ్మతులు చేస్తున్నారు. వెనక వసారా నుంచి దింపిన పెంకుల మీద నిన్న వాన పడి, తడిసిన మట్టివాసన గేటు దాకా వచ్చింది. ఆ వాసనకు నా కాళ్లు ఒకచోట నిలవలేదు.

గేటు పక్కన బోర్డు పెట్టారు. ముసలితనంలో అక్షరాలు నేర్చినదాన్ని కనుక కూడబలుక్కుంటూ చదివాను. బంగళాకు మొదట తాటాకు కప్పు, తరువాత బంగళా పెంకులు, ఆఖరున ముందు గదులకు స్లాబు అని రాశారు. స్లాబు పోసిన ఏడు నాకు గుర్తుంది.

అప్పుడీ పార్కు ఊరి చివర ఒక పెద్ద ఆసామి గారి తోట. మా నాన్న తోటమాలి. మామిడిచెట్ల వెనక తాటాకు పాకలో ఉండేవాళ్లం. మామిడి పిందెలకు ఉప్పూకారం అద్దుకు తింటూ, పగిలిన పెంకుముక్కతో తొక్కుడుబిళ్ల ఆడుకునే మాకు ఎండాకాలమంటే పండగ. అమ్మకు మాత్రం గుండెదడ. పడమటి గాలి లేస్తే పొయ్యిలోంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు, పాక బూడిదవడానికి. అందుకని అన్నం వార్చగానే పొయ్యి ఆర్పి, కప్పు మీద నీళ్లు చల్లి, మధ్యాహ్నమంతా కునుకు తీయకుండా చూరు కేసి చూస్తూ తిరిగేది.

స్లాబు కోసం దింపిన పెంకులు చూసి, అమ్మ ఆసామి గారి భార్యను అడిగింది.

"పట్టుకెళ్లవే, అడ్డం తప్పుతాయి" అన్నారావిడ.

నాన్న నవ్వాడు. "పెంకులేస్తే మన మట్టిగోడ కూర్చుండిపోద్దే."

"కూర్చోనీ. నేనెటూ కూర్చోవట్లేదుగా!" అంది అమ్మ.

చివరకు పాక జోలికి పోకుండా, పొయ్యి ఒక్కదాన్నే బయటికి జరిపి, చుట్టూ సరుగుడు గుంజలు పాతి, పైన పెంకులు పరిచారు. బంగళా పెంకు ఉన్నదల్లా బంగళానే అనుకున్న నేను, "మాకూ బంగళా వచ్చింది" అని వాడంతా చాటాను. పక్క పాక అత్త వచ్చి చూసి, "ఏంటి వదినా, మీరు పాకలో, పొయ్యేమో బంగళాలోనా!" అంది. అమ్మ కూడా నవ్వింది.

ఆ మధ్యాహ్నం పడమటి గాలి వీస్తూనే ఉంది. అమ్మ చాప వేసుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయింది. పగటిపూట అమ్మ నిద్ర నేనెప్పుడూ చూడలేదు. భయమేసి తట్టి లేపాను.

"ఏంటే? అంటుకుందా?" అని దిగ్గున లేచింది.

"లేదమ్మా."

మళ్లీ పడుకుంది.

ఇప్పుడా తోటా లేదు, పాకా లేదు. అమ్మ చాప వేసుకున్న చోట నడకదారి వేశారు. అక్కడే నిలబడితే, వేగంగా నడుస్తూ వచ్చిన ఒకమ్మాయి, "కొంచెం పక్కకి జరగండి మామ్మగారూ" అంది.

జరిగాను. ఆ అమ్మాయి వెళ్లాక మళ్లీ అక్కడికే వచ్చాను.