మైకులో ప్రార్థన

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకుని, మనిషినీ జబ్బునూ చెప్పి మరీ ప్రార్థన చేస్తారు. అన్నీ విడమరిచి చెప్పకపోతే దేవుడికి అర్థం కాదేమో మరి! కప్పు మీది లౌడ్‌స్పీకర్ల పుణ్యమా అని అది యాడికి ఊరికి పోయే రోడ్డు దాకా వినబడుతుంది.

మా అక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. తనకు వెనక ఫిట్స్ వచ్చేవి. అనంతపురం డాక్టరు మాత్రలు ఇచ్చినప్పటి నుంచి మళ్ళీ రాలేదు. పిల్లల దగ్గర నిక్షేపంగా పని చేసుకోవచ్చని ఆయనే చెప్పాడు. ఇంట్లో మాకు తప్ప ఎవరికీ తెలియని సంగతి అది. మళ్ళీ వస్తాయేమోనన్న భయం పట్టుకుని ఒకరోజు పాస్టరమ్మ దగ్గర చెప్పుకుని ఏడ్చింది. "మీలోనే పెట్టుకోండమ్మా" అని బతిమాలింది కూడా.

ఆమె పెట్టుకుంది, ఆదివారం దాకా.

"ప్రభువా, మా అంగన్‌వాడీ బిడ్డకు ఫిట్సు జబ్బు ఉండాది, ముట్టి బాగుచేయి తండ్రీ" అని మైకులో ప్రార్థించింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. ఆ ఏడుపు నిజమైనదే, అందుకే నాకు ఇంకా మంట. అక్క కొంగు ముఖం మీదికి లాక్కుంది.

సోమవారం అంగన్‌వాడీకి సగం మంది పిల్లలు రాలేదు. "టీచరే పడిపోతే మా పిల్లోళ్ళను ఎవరు చూస్తారన్నా?" అని ఒక తల్లి నా ముఖం మీదే అడిగింది. టీచరును మార్చమని పై ఆఫీసుకు అర్జీ కూడా పోయింది.

నా ఒళ్ళు మండిపోయింది. నేరుగా పాస్టరయ్య ఇంటికి పోయాను.

"అయ్యా, మా అక్క అమ్మగారితో చెప్పుకున్న మాట ఊరంతా ఎందుకు చాటినారు?"

ఆయన బిత్తరపోయాడు. "చాటేది యాడిదప్పా? ప్రార్థన చేసినాం. సంఘమంటే ఒకటే కుటుంబం కదా."

"ఇంట్లో మాట రోడ్డెక్కిస్తారా అయ్యా? ఆమె ఉద్యోగం పోతాండాది!"

ఆయన ముఖం వాడిపోయింది. మంచివాడే, పాపం. "తప్పు జరిగింది నాయనా. ఆదివారం క్షమాపణ అడుగుతాం" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఆదివారం ఆయన మళ్ళీ మైకే పట్టుకున్నాడు. "మన అంగన్‌వాడీ చెల్లికి ఫిట్సు ఉండే మాట నిజమే. కానీ మేము దాన్ని బయట పెట్టకుండా ఉండాల్సింది. ఆ బిడ్డ మమ్మల్ని క్షమించాల."

సంఘమంతా ఆమెన్ అంది. అక్క లేచి బయటికి నడిచింది.

నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వెంట పరుగెత్తాను. "ఊరుకోరా" అంది. "వాళ్ళు చెడ్డోళ్ళు కాదు. ఉద్యోగం ఉంటాదో పోతాదో, నేను చూసుకుంటా." కొంత దూరం పోయి ఆగింది. ప్రార్థన చేయనిదే ముద్ద ముట్టని మనిషి మా అక్క.

"ఒక్క మాట చెప్పిరా పో. ఇంక నా కోసం ఎవరూ ప్రార్థన చేయొద్దని చెప్పు."