నాలుగు పళ్ళ చోటు

మా నాన్న కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టర్లు నోటి కొలత తీసి పంపిస్తే అందులో ప్లాస్టరు పోసి దవడ అచ్చు తీస్తాడు. దాని మీద మైనం పరిచి పళ్ళు పేరుస్తాడు, చిగురు పోస్తాడు, నునుపు పట్టి, డబ్బాలో పెట్టి తిరిగి పంపిస్తాడు. ఆ నోరు ఎవరిదో ఆయనకు తెలియదు. డబ్బా మీద ఒక నంబరు ఉంటుంది, అంతే. ముప్ఫై నాలుగేళ్ళుగా నంబర్లకు పళ్ళు కడుతున్నాడు.

ఇంట్లో ఎవరైనా ఈ పని మాటెత్తితే ఆయనకు ఒళ్ళు మండేది. "బతుకుతెరువు వేరు, బతుకు వేరు" అనేవాడు. తెరువు ల్యాబులో ఉంది, బతుకేమో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. అక్కడ సెలవు రోజుల్లో రాళ్ళు చెక్కేవాడు. ఏనాటికైనా నాలుగు రోడ్ల కూడలిలో తను చెక్కిన విగ్రహం నిలబడాలి, పదిమందీ తలెత్తి చూడాలి, అప్పుడుగానీ తను పుట్టినందుకు ఓ అర్థం ఏర్పడదని ఆయన నమ్మకం. షెడ్డులో మూడు రాళ్ళుండేవి, మూడూ సగం సగమే. అందులో ఒకటి కూర్చున్న మనిషా, పడుకున్న ఏనుగా అని మా అమ్మా నేనూ పందెం వేసుకునేవాళ్ళం. ఆయన్ని అడిగే ధైర్యం లేక ఆ పందెం ఇప్పటికీ తేలలేదు.

నాన్నకు ఒక అక్క ఉంది. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. బడిలో చిన్న తరగతులకు చదవడం నేర్పేది. అత్త పాఠం చదువుతుంటే పక్క తరగతి పిల్లలు కూడా కిటికీ దగ్గర చేరేవారట. నక్కకు ఒక గొంతు, ముసలమ్మకు ఒక గొంతు, వానకు కూడా ఒక గొంతు ఉండేది ఆమె దగ్గర. ఇంట్లో నాకు అన్నం తినిపించిన గొంతులు కూడా అవే.

నాకు ఆరేళ్ళప్పుడు అత్త బడి మెట్ల మీద కాలుజారి బోర్లా పడింది. పై వరసలో ముందు పళ్ళు నాలుగూ పోయాయి. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చి, ఏడుస్తున్న మా అమ్మను చూసి, "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం మరదలా! తమ్ముడి షెడ్డులో మూడున్నాయి, పోయి పోయి బడి మెట్టు దొరికింది నాకు" అంది. నవ్వించబోయింది గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

నాన్న చిగురు చూశాడు. "మానాలి. మూడు నెలలు ఆగక్కా, నేనే కట్టిస్తాను" అన్నాడు. అది నిజమే, పచ్చి చిగురు మీద పళ్ళు కట్టరు. మూడు నెలలు గడిచాయి. అప్పుడాయనకు ఏదో పోటీకి విగ్రహం పంపాలి. అదయ్యాక చూద్దాం అన్నాడు. తర్వాత ఎండలు పోనీ అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. రెండోసారి అడిగే స్వభావం మా అత్తది కాదు.

ఆమె చదువుతుంటే పళ్ళ సందులోంచి గాలి పోయేది. పిల్లలు నవ్వారు. పిల్లలు కదా, నవ్వుతారు. నేనూ నవ్వాను. అంతటితో ఆగకుండా, చుట్టాలొస్తే మధ్యలో నిలబడి అత్తలా మాట్లాడి చూపించేదాన్ని. అందరితోపాటు అత్త కూడా నవ్వేది. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఏడాది తిరక్కుండా ఆమె తనే అడిగి బళ్ళో రికార్డుల గదికి మారింది. పిల్లల చేరికల కాగితాలు, బదిలీ కాగితాలు, బీరువాలు. అక్కడ నోరు విప్పి మాట్లాడాల్సిన పని లేదు. అలా ఇరవై రెండేళ్ళు.

బయట ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్ళొచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. మా అమ్మ ఒకసారి అంది కూడా. "తమ్ముడు చేస్తానన్నాడు. ఇప్పుడు బయట కట్టించుకుంటే వాడి మొహం చిన్నబోదూ?" అంది అత్త. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంట్లో ఆ చెట్టును నమ్ముకున్న మనిషి ఉంది, చెట్టుకే ఆ స్పృహ లేదు.

ఈ ఏడాది అత్త ఉద్యోగం ముగింపుకొచ్చింది. వీడ్కోలు రోజు పిల్లలందరి ముందూ ఒక పాఠం చదవమని పెద్ద టీచరు అడిగిందట. ఆమె ఒకప్పుడు అత్త దగ్గర చదువుకున్న పిల్ల. అత్త అన్నం తింటూ ఈ సంగతి చెప్పి, "చదవలేనన్నాను" అంది. "పోనీలే అక్కా, ఓ దండ వేయించుకుని వచ్చెయ్" అన్నాడు నాన్న. నేను నాన్న వైపు చూశాను. ఆయన చారు కలుపుకుంటున్నాడు.

ఆ మర్నాడే ఒక పెద్దాయన డాక్టరును అడిగి ల్యాబును వెతుక్కుంటూ వచ్చాడు. ఆ సంగతి నాన్నే తర్వాత చెప్పాడు. ల్యాబుకు రోగులెవరూ రారు, ఎప్పుడైనా వస్తే తగువుకే వస్తారు.

"ఈ పళ్ళు కట్టిందెవరు బాబూ?" అని నోరు తెరిచి చూపించాడట.

"నేనే. ఏం, గుచ్చుకుంటున్నాయా?"

"అబ్బే! నేను కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడేవాణ్ణి. పళ్ళు పోయాక నా మాట ఎవరికీ అర్థంకాక రెండేళ్ళు ఇంట్లో కూలబడ్డాను. బతికున్నా లేనట్టే ఉండేది. సోమవారం మళ్ళీ బల్ల ఎక్కి పాడాను. ఆ చేతులు ఒక్కసారి చూసి పోదామనిపించింది."

నాన్న చేతుల నిండా ప్లాస్టరు. ఆ పెద్దాయన అలాగే పట్టుకున్నాడు. వెళ్ళబోతూ, "మీ ఇంట్లోవాళ్ళు అదృష్టవంతులు, పళ్ళకు లోటుండదు" అన్నాడట. ఆ మాట అన్నవాడికి ఏమీ తెలియదు. విన్నవాడు ఆ పూట ఇక పని చేయలేకపోయాడు.

సంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికాడని ఎవరినో అంటాం. మా నాన్న ఆ బిడ్డ కోసం రాళ్ళలో వెతికాడు. ఆ మధ్యాహ్నమే బడికి వెళ్ళి, బీరువా సర్దుతున్న అక్కను చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇప్పుడెందుకురా, ఇంకో పన్నెండు రోజులే కదా ఉద్యోగం" అంటూనే వెళ్ళింది ఆమె.

అచ్చు పోశాక ఆయన దాన్ని ల్యాబులో వదల్లేక ఇంటికి తెచ్చుకున్నాడు. బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. "ఇలా రా" అని నన్ను పిలిచాడు. పళ్ళు పోయిన చోటు ఖాళీగా ఉంచితే అటూ ఇటూ ఉన్న పళ్ళు అందులోకి ఒరుగుతాయట, ఏడాదికి వెంట్రుకవాసి చొప్పున. నాలుగు పళ్ళ చోట ఇప్పుడు మూడు పళ్ళ చోటే ఉంది. "ఇంకెవరి అచ్చయినా అయితే 'ఇన్నేళ్ళు ఏ గాడిద ఆపాడ్రా దీన్ని' అని తిట్టేవాణ్ణి" అన్నాడు. నాకు కాదనాలనిపించలేదు.

కట్టబోయే నాలుగు పళ్ళనూ పక్కల అరగదీసి సన్నం చేశాడు. అక్క పళ్ళు మొదట్లో ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు. వేల నోళ్ళ అచ్చులు చూసినవాడికి, తన పక్కనే కూర్చుని అన్నం తిన్న మనిషి నవ్వు గుర్తు రాలేదు. చివరికి మా అమ్మ చెబితే ఒక పన్ను కాస్త వంకరగా పెట్టాడు.

పళ్ళు వచ్చాక అత్త తలుపు వేసుకుని చదవడం మొదలుపెట్టింది. కొత్త పళ్ళకు నాలుక అలవాటు పడాలంటే నెల పడుతుందట. ఆమెకు మిగిలింది ఎనిమిది రోజులు. చదివి చదివి గొంతు బొంగురుపోయింది.

వీడ్కోలు రోజున నాన్నా నేనూ వెనక వరసలో కూర్చున్నాం. అత్త రెండో తరగతి పుస్తకంలోంచి కుందేలు కథ చదివింది. మొదటి రెండు వాక్యాలు తడబడింది, ఒక పన్ను టక్కుమంది. తర్వాత నక్క వచ్చింది. నాకు అన్నం తినిపించిన నక్క గొంతే అది. పిల్లలు కదలకుండా విన్నారు. వాళ్ళకు తెలిసిన అత్త కాగితాల గదిలో మాట్లాడకుండా కూర్చునే పెద్దావిడ.

కథ అయిపోయాక ముందు వరసలో ఒక చిన్నపిల్ల లేచి నిలబడింది.

"టీచర్, మీరు ఇంత బాగా చదువుతారు కదా. ఇన్నాళ్ళూ మాకెందుకు చదవలేదు?"

అందరూ నవ్వారు. అత్త వెనక వరస వైపు ఒక్కసారి చూసి, పిల్ల వైపు తిరిగింది.

"తీరిక లేకపోయిందమ్మా. తప్పు నాదే" అంది.

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి వరండా గోడకు ఆనుకుని, మొహం కడుక్కున్నవాడిలా రెండు చేతులతో తుడుచుకుంటున్నాడు.

"నాలుగు రోజుల పనమ్మా" అన్నాడు. "అక్క పళ్ళకు మొత్తం కలిపి నాలుగు రోజులు పట్టింది."