ఉప్పగా ఉన్న చుక్క

పోయిన శుక్రవారం మా అత్త, నా భర్త తల్లి, చనిపోయింది. తిరుత్తణిలో మా వీధివాళ్ళందరికీ ఆమె నోరు తెలుసు. నాకు మాత్రం ఆమె నాలుక గుర్తుంటుంది. ఎందుకో చెప్తాను.

నా కూతురికి పుట్టినప్పటినుంచీ కుడికంటి కింద, ముక్కు పక్కన, సూదిమొనంత రంధ్రం ఉండేది. అప్పుడప్పుడూ అందులోంచి ఒక చుక్క ఊరేది. సామి కొండమీద పాపకు గుండు కొట్టించి చెవులు కుట్టించిన రోజు చుట్టాలంతా అది చూసి చేతులు జోడించారు.

"సామే ముక్కు కుట్టి పంపినాడు," అన్నారు.

మా ఆడబిడ్డ ఆ రంధ్రంలో పెట్టిద్దామని తన బంగారు ముక్కుపుడక తీసేసింది కూడా.

అత్త పాపను ఒళ్ళోకి లాక్కుంది. ఆ చుక్కను వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పగా ఉండాది. కండ్లనీళ్ళే ఇవి. నీళ్ళు పారే దోవలో మేకు కొడతారా ఎవురన్నా? పొండి అవతలికి."

"సామి ఇచ్చినదాన్ని కాదంటావామ్మా?" అని ఆడబిడ్డ అలిగింది.

"సామికి కోపమొస్తే నా మింద రానీ."

ఏటా ఆడికృత్తిక పండక్కి అదే సామికి కావడి మోసిన మనిషి అన్న మాట అది.

మర్నాడే మమ్మల్ని వెంటబెట్టుకుని తిరువళ్ళూరు బస్సెక్కింది. అక్కడ కంటి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కంట్లోంచి ముక్కులోకి కన్నీళ్ళు దిగే సన్నటి గొట్టం ఒకటి ఉంటుందట; ఏడిస్తే ముక్కు కారేది అందుకేనట. మా పాపకు అది అడుగున మూసుకుపోయి, పుట్టుకతోనే పక్కకు ఇంకో దారి తెరుచుకుంది. ఎక్కడో ఒకరికి గాని అలా రాదట. ఆ దారిని కూడా ముక్కుపుడకతో మూసి ఉంటే లోపల చీము పట్టి కంటికే ముప్పు వచ్చేదట.

అత్త ఆశ్చర్యంగా పాప ముక్కు తడిమింది. "ఇంత చిన్న మొగంలో పూండి చెరువుకు మల్లే కాలవలు పెట్టినాడే సామి!"

తర్వాత ఆపరేషన్ చేసి అసలు దారి తెరిచారు, పక్క రంధ్రం మూశారు. పని చేస్తుందో లేదో కొన్నాళ్ళు ఆగి చూడాలన్నారు. కట్టు విప్పాక, ఒకరోజు పాప గుక్కపట్టి ఏడ్చింది. నేను ఎత్తుకోబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఉండు. ఏడవనీ. ముక్కు కారతాదేమో చూడాల."

పాప ముందర నేలమీద చతికిలబడి, రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది. కాసేపటికి చిన్ని ముక్కు కింద తడి మెరిసింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప ఏడుస్తోంది, అత్త ఏడుస్తోంది, ఇద్దరి ముక్కులూ కారుతున్నాయి.