ఆ రోజు వందకు ఫోన్ చేసిందెవరు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. జగిత్యాలలో మా అమ్మకు గాజుల దుకాణం ఉండేది. చేత్తో పట్టి చూడని సరుకుకు ధర కట్టొద్దని నాకు నేర్పింది ఆమే. దయ్యాన్ని ఎవరు పట్టి చూశారు? ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ధర మీరే కట్టుకోండి.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. నాకు కోరుట్లలో బట్టల దుకాణం. బేరంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. నన్ను చూస్తే కూరగాయలామె తక్కెడ దాచిపెడుతుందని మా ఆవిడ సుజాత అంటుంది. అమ్మ మాత్రం ఎప్పుడూ మెచ్చుకోలేదు. "బేరంల వడితె వీనికి ఏం కానరాదు, ఏం ఇనరాదు" అనేది.

మొన్నటి వానాకాలం ఒక మధ్యాహ్నం లంగాల గుడ్డ చూడడానికి సిరిసిల్లకు బయలుదేరాం. స్కూటీ మీద నేను, వెనక సుజాత. తన ఫోన్ ఇంట్లోనే మరిచిపోయింది. దారిలో చినుకులు మొదలైతే నా ఫోన్ సీటు కింద డిక్కీలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి బండికే ఉంది.

చందుర్తి దాటిన కాసేపటికి వెనక నుంచి కారు గుద్దింది. ఇద్దరం రోడ్డు పక్క మట్టిలో పడ్డాం. నాకు మోచేయి గీసుకుపోయింది. సుజాతకు చుక్క రక్తం లేదు. "నాకేం గాలే" అంటూ లేచి కూర్చుంది. నేను స్కూటీని లేపి స్టాండ్ వేసి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను.

కారు నడిపినవాడు తలుపు పట్టుకుని దిగాడు. ఎర్ర గీతల చొక్కా. నాలుగడుగుల దూరం నుంచే మందు వాసన. నిలబడలేక టైరుకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పక్క సీట్లోని స్నేహితుడు చేతులు జోడించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, దావత్ల జర ఎక్కువైంది. కేసు గీసు ఎందుకే? ఇక్కడనే మాట్లాడుకుందాం."

మాట్లాడుకుందాం అన్న మాట నా చెవిన పడింది, అంతే. అతను ఒక మాట చెప్పాడు. నేను దానికి నాలుగింతలు చెప్పాను. అతను నవ్వాడు. నేను లెక్కలేనట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోబోయాను. ఎక్కడికి పోతాను, స్కూటీ ముందు చక్రం వంకరపోయి ఉంది. మళ్లీ వచ్చి సీటు మీద చెయ్యి ఆనించి బేరం అందుకున్నాను.

పక్క పొలంలో నాట్లు వేస్తున్న లచ్చవ్వ అనే ముసలామె నీళ్లు తెచ్చి సుజాతకు తాగించింది. సుజాత తల పట్టుకుంది. "తల వలుగుతున్నది. నిద్రొస్తున్నది. జర దవాఖానకు పోదామయ్యా" అంది.

"ఆగవే, ఇంకొంచెం పెరుగుతడు" అన్నాను నేను.

రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ అన్నాను.

"పెండ్లాం పండవట్టె, వీడు బేరం జేయవట్టె!" అని లచ్చవ్వ అరిచింది. ఈలోగా బైకు మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకడు దిగి, కారులో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తాగనివాణ్ని డ్రైవరుగా చూపించే ఎత్తు. అది నాకు అర్థమైంది. అర్థమై నేనేం చేశాను? దీన్ని పట్టుకుని ధర ఇంకెంత పెంచొచ్చా అని ఆలోచించాను.

అప్పుడే పోలీసు బండి వచ్చింది, దాని వెనకే అంబులెన్స్. కానిస్టేబుల్ ఇస్త్రీ చొక్కావాడి వైపు చూడకుండా టైరు దగ్గర కూర్చున్నవాడి ముందుకు పోయి, నోటికి మిషన్ పెట్టి ఊదించాడు. మిషన్ అరిచింది. "ఎర్ర గీతల అంగోడు నడిపిండని ఫోన్ల చెప్పిన్రు. నువ్వు దిగు బే" అన్నాడు ఇస్త్రీ చొక్కావాడితో.

తర్వాత నన్ను అడిగాడు: "ఫోన్ జేసిన అవ్వ ఏది?"

మేమెవరమూ చేయలేదన్నాను. అతను తన ఫోన్లో నంబర్ చూపించాడు. నాదే. అనుమానంగా నా వైపు చూస్తూ ఆ నంబరుకు కొట్టాడు. నా స్కూటీ డిక్కీలో ఫోన్ మోగింది. తాళంచెవి నా జేబులోంచి తీసి తెరిచాను. పైన పెట్టిన రుమాలు కూడా కదల్లేదు.

సిరిసిల్ల పెద్దాసుపత్రికి చేరేలోపే సుజాతకు తెలివి తప్పింది. స్కాన్‌లో తల లోపల రక్తం గడ్డకట్టిందన్నారు. కరీంనగర్ పంపారు, ఆ రాత్రే ఆపరేషన్. ఇంకో గంట ఆలస్యమైతే చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టర్ చెప్పాడు. ఆ గంటను నేను బేరంలో పెట్టబోయాను.

ఆమె ఇల్లు చేరాక వాంగ్మూలం ఇవ్వడానికి స్టేషన్‌కు పోయినప్పుడు, ఆ కానిస్టేబుల్‌ను అడిగాను, ఫోన్లో ఏం విన్నారని.

"తొవ్వ అడుగుదామని మేం మళ్ల జేస్తె గుడ గా అవ్వనే ఎత్తింది. 'మావోడు బేరంల వడ్డడు సారూ, వానికేం కానరాదు. పిల్ల పానం మీదికొచ్చింది, జల్ది రాండ్రి' అన్నది. మీ అమ్మనా?"

వాంగ్మూలం ఇచ్చి బయటికొచ్చాను.

లచ్చవ్వను వెతుక్కుంటూ పోయి అడిగాను. "నాకు ఫోన్ పట్టరాదు కొడుకా. నువ్వుండంగ నీ బండి ఎవలు ముడుతరు?" అంది. ఫోన్ లాక్ తీయకుండానే వందకు కాల్ పోతుందని, దెబ్బ తగిలితే దానంతటదే పోవచ్చని ఫోన్లు బాగుచేసే ఒకాయన చెప్పాడు. పోవచ్చు. కానీ దెబ్బకు మాటలు రావు కదా.

రాజీ కోసం వాళ్లు రెండుసార్లు దుకాణానికి వచ్చారు. కాగితం మీద సంతకం పెట్టలేదు. కేసు నడుస్తోంది. ఇప్పుడు గుడ్డ కొనడానికి వచ్చినవాళ్లకు కూడా నా పాఠం తప్పదు. తాగినవాడు గుద్దితే ముందు వందకు, నూట ఎనిమిదికి ఫోన్ చేయండి. స్టీరింగ్ ముందున్న మొహాన్ని, నంబర్ ప్లేటును ఫోటో తీసుకోండి. పోలీసులు వచ్చి ఊదించేదాకా వాణ్ని కదలనివ్వకండి. రక్తం కనపడకపోయినా ఆసుపత్రికి పోయి రాయించుకోండి. బేరం మాత్రం మొదలుపెట్టకండి. సుజాత లోపలి నుంచి ఎత్తిపొడుస్తుంది: "ఏమయ్యా, ఇంకొంచెం పెరుగుతడా?"

మొన్న కొత్త ఫోన్ కొన్నాను. పాతది ఇస్తే మంచి తగ్గింపు ఇస్తామన్నారు. ఇవ్వలేదు, బేరమూ ఆడలేదు. "పానం మంచిగనే ఉన్నదా?" అని సుజాత నా నుదురు ముట్టుకుని చూసింది.

పాత ఫోన్లో ఆ అవ్వ మాట్లాడిన రెండు కాల్స్ ఇప్పటికీ ఉన్నాయి. వందకు పోయింది ఒకటి. వచ్చింది ఒకటి, నలభై సెకన్లు. నా ఫోన్ రింగు వీధి చివరికి వినపడుతుంది. ఆ నలభై సెకన్లూ నేను ఆ సీటు మీదే చెయ్యి ఆనించి, ఇంకొంచెం పెంచమంటూ నిలబడి ఉన్నాను. రింగు మోగింది నేను వినలేదు. ఎత్తి మాట్లాడిన గొంతూ వినలేదు.